మంచుదేశములో మెట్టసేద్యము

నేను ఉన్నత పాఠశాలలో భూగోళము బోధించు దినములలో ఒకనాడు ప్రపంచపటమును గోడకు తగిలించి ఎడారులను చూపుచుంటిని. సహారా, అరేబియా, థార్ ఎడారులను చూపిన పిమ్మట, చేతిలోని పుల్లను ఉత్తర అమెరికా ఖండము మీదికి జరిపి, “ఇచ్చట, కెనడా దేశమున గూడ ఎడారి వంటి నేల కలదు” అంటిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, “అయ్యా! కెనడాలో మంచు కురియునని మీరే చెప్పితిరి గదా! మంచు కురియు చోట ఎడారి యెట్లుండును?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. నేను సమాధానము మొదలుపెట్టునంతలో గంట కొట్టిరి. ఆనాడు సగములో నిలిచిన సమాధానమును ఈ పాఠమున పూర్తిచేయుదును.

ఎడారికి లక్షణము ఎండ కాదు, ఇసుకయు కాదు, నీటి కొరతయే. సంవత్సరమున 250 మిల్లీమీటర్లకు లోపుగా వర్షమో మంచో పడు ప్రదేశమును భూగోళ శాస్త్రజ్ఞులు సాధారణముగా ఎడారి యందురు. ఈ లెక్కను బట్టి చూచినచో కెనడా దేశపు ఉత్తరపు కొసనున్న దీవులు నిజమైన ఎడారులే. ఎల్స్‌మియర్ దీవిలోని యురీకా యను వాతావరణ కేంద్రమున సంవత్సరమునకు 100 మిల్లీమీటర్లు గూడ పడవు. అచ్చట గాలి మిక్కిలి చల్లనిది. చల్లని గాలి ఆవిరిని ఎక్కువగా మోయజాలదు. అందుచే అచ్చట మంచు అరుదుగా కురియును; కురిసినది మాత్రము కరగక నిలిచియుండును. చూచువారికి అంతటను మంచే కనబడును గాని, మొక్క త్రాగుటకు నీరు దొరకదు. ఇట్టివానిని ధ్రువ ఎడారులందురు.

దీనికి విరుద్ధముగా, అదే దేశమున యూకాన్ ప్రాంతమునందు కార్‌క్రాస్ అను గ్రామము చెంత ఇసుకతిన్నెలు కలవు. వాని వైశాల్యము రెండు మూడు చదరపు కిలోమీటర్లే. యాత్రికులు దానిని ప్రపంచములోని అతి చిన్న ఎడారి యని చెప్పుకొందురు. నిజమునకు అది పూర్వము హిమానీనదములు కరగినప్పుడు ఏర్పడిన సరస్సు యొక్క అడుగుభాగము. సరస్సు ఎండిపోగా మిగిలిన ఇసుకను గాలి తిన్నెలుగా పేర్చినది. కావున ఇసుక యున్నచోటెల్ల ఎడారి యుండదు. ఎడారి యున్నచోటెల్ల ఇసుక యుండదు.

ఈ రెండింటికిని నడుమ, కెనడా దక్షిణ భాగమున మరియొక నేల కలదు. అది పూర్తిగా ఎడారి కాదు. నమ్మదగిన పంటభూమియు కాదు. మానవుడు దానిని ఒకసారి ఎడారి యనెను, ఒకసారి స్వర్గమనెను. రెండుసార్లును పొరబడెను. అచ్చటి మెట్టసేద్యపు చరిత్ర మనము ముఖ్యముగా తెలిసికొనదగినది.

ఆల్బర్టా, సస్కచెవాన్, మానిటోబా యను మూడు రాష్ట్రముల దక్షిణ భాగమున ప్రేరీలను విశాలమైన గడ్డిమైదానములు కలవు. వీనికి పడమట రాకీ పర్వతములు గోడవలె నిలిచియున్నవి. పసిఫిక్ మహాసముద్రము నుండి వచ్చు తడిగాలులు ఆ కొండలనెక్కునప్పుడు చల్లబడి, తమలోని నీటిని పడమటి వాలున వర్షముగా విడుచును. తూర్పునకు దిగు గాలి పొడిగాలి. మన దేశమున పడమటి కనుమలకు తూర్పున వర్షము తగ్గుటకు గూడ ఇట్టిదే కారణము. ప్రేరీలలోని ఎండు భాగమున సంవత్సరమునకు 300 నుండి 400 మిల్లీమీటర్ల తేమ మాత్రమే పడును; అందును కొంత భాగము మంచు రూపమున పడును. వర్షాభావమునకు పేరుపడిన మన అనంతపురము ప్రాంతమున సుమారు 550 మిల్లీమీటర్లు కురియునని జ్ఞాపకముంచుకొన్నచో, ఆ కొరత యెంతటిదో తెలియగలదు.

కొరత ఒక్క నీటికే గాదు, కాలమునకు గూడ కలదు. శీతకాలమున అచ్చట ఉష్ణోగ్రత సున్నకు దిగువన 40 డిగ్రీల వరకు పోవును. వేసవిలో 35 డిగ్రీలు దాటును. నేల గడ్డకట్టకుండ, పైరును మంచు మాడ్చకుండ ఉండు దినములు ఏటికి నూరు మొదలు నూటయిరువది వరకే. మే నెలలో విత్తనము వేసి, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కోత ముగింపవలెను. ఒక వారము ఆలస్యమైనచో పండిన గింజ పొలములోనే గడ్డకట్టును.

ఇంతటి కఠినమైన నేలను ప్రకృతి వట్టిగా వదలలేదు. పొట్టి గడ్డిజాతులు దానిని దట్టముగా కప్పియుండెడివి. ఆ గడ్డి పైకి కనబడునది కొంచెమే. వేళ్ళు మాత్రము లోతునకు పోయి, వలవలె అల్లుకొని మట్టిని పట్టియుంచెడివి. ఆ గడ్డిని మేయుచు బైసన్ అను పెద్ద వన్యపశువులు లక్షల సంఖ్యలో తిరుగుచుండెను. బ్లాక్‌ఫుట్, క్రీ, అసినిబోయిన్ మొదలగు జాతులవారు ఆ మందలను ఆధారము చేసికొని వేలకొలది సంవత్సరములు జీవించిరి. వారు ఒకచోట కట్టువడక, నీరును మందలును ఎచ్చటనున్న అచ్చటికి కదలిపోవుచుండిరి. ఎండు నేలలో కదలికయే బ్రదుకుదెరువని వారెరుగుదురు.

1857లో జాన్ పాలిసర్ అను ఐర్లండు దేశస్థుడు కొందరు శాస్త్రజ్ఞులతో గూడి ఈ ప్రాంతమును పరిశీలింప బయలుదేరెను. బ్రిటిష్ ప్రభుత్వమును, లండనులోని రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీయు ఆయనను పంపినవి. 1860 వరకు ఆ బృందము గుఱ్ఱములపై దేశమును గాలించినది. ఉత్తరమున మంచి నేల గలదనియు, దక్షిణమున త్రికోణాకారమున నున్న విశాల ప్రదేశము మాత్రము అమెరికా మధ్య ఎడారికి కొనసాగింపే గాని వలస వచ్చి సేద్యము చేయుటకు తగినది గాదనియు పాలిసర్ నివేదించెను. ఆ ప్రదేశమునకు నేటికిని పాలిసర్ త్రికోణమని పేరు. అదే కాలమున కెనడా ప్రభుత్వము పంపిన హెన్రీ యూల్ హైండ్ గూడ ఇంచుమించుగా ఇట్లే తలంచెను.

సుమారు ఇరువది సంవత్సరముల పిమ్మట జాన్ మకూన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1879, 1880 సంవత్సరములలో ఆ మైదానములందు సంచరించెను. ఆయనకు మోకాలి యెత్తు గడ్డియు, నిండిన కుంటలును కనబడెను. ఇది ఎడారి కాదు, గోధుమకు పుట్టినిల్లని ఆయన ఉత్సాహముతో ప్రకటించెను. ఇద్దరును విద్వాంసులే, ఇద్దరును కన్నులార చూచినదే వ్రాసిరి. మరి ఈ భేదమునకు కారణమేమి? పాలిసర్ వచ్చినది ఎండు సంవత్సరములలో. మకూన్ వచ్చినది తడి సంవత్సరములలో. ఆ నేలకు సగటు సంవత్సరమనునది అరుదు. కొన్నియేండ్లు వరుసగా వానలు కురియును, కొన్నియేండ్లు వరుసగా ఎండగొట్టును. రెండు మూడు సంవత్సరములు చూచి నేల స్వభావమును నిర్ణయించువాడు, ఒక్కనాడు చూచి మనుష్యుని స్వభావమును నిర్ణయించువానితో సమానుడు.

అయినను ప్రభుత్వమునకును రైలు కంపెనీకిని మకూన్ మాట తీయగా వినబడెను. కెనడియన్ పసిఫిక్ రైలుమార్గమును దక్షిణపు మైదానము గుండ వేసి 1885లో పూర్తిచేసిరి. అంతకుముందే, 1871 మొదలు 1877 వరకు అచ్చటి ఆదిమజాతులతో ఒడంబడికలు వ్రాయించుకొని వారిని చిన్న చిన్న ప్రత్యేక ప్రదేశములకు పరిమితము చేసిరి. మితిలేని వేటచే బైసన్ మందలు నశించుటతో వారు ఆకలిపాలై యుండిరి. వారిలో ననేకులు సేద్యము నేర్వ పూనుకొన్నను, 1889 నుండి కొన్ని సంవత్సరములపాటు యంత్రములు వాడక చేతి పనిముట్లతోనే పని చేయవలెనని అధికారులు నిర్బంధించిరి. నేల ఖాళీగా నుండెనని చెప్పు కథలలో ఈ సంగతి కనబడదు. కాని చరిత్ర చదువువారు దీనిని మరువరాదు.

1872 నాటి భూమి చట్టము ప్రకారము, పది డాలర్ల రుసుము చెల్లించిన వానికి 160 ఎకరములు ఇచ్చెడివారు. మూడు సంవత్సరములు అచ్చట నివసించి, ఇల్లు కట్టి, కొంత నేలను సాగుచేసినచో అది వాని సొంతమగును. బ్రిటను, ఉక్రెయిన్, జర్మనీ, స్కాండినేవియా దేశముల నుండియు, అమెరికా సంయుక్త రాష్ట్రముల నుండియు జనులు తండోపతండములుగా వచ్చిరి. కట్టెలు లేని చోట గడ్డివేళ్ళతో కూడిన మట్టిపెళ్ళలను కోసి, ఇటుకలవలె పేర్చి ఇండ్లు కట్టుకొనిరి. 160 ఎకరములు తడి దేశమున గొప్ప ఆస్తి. పాలిసర్ త్రికోణమున నది ఒక కుటుంబమునకు చాలీచాలని కమతమని వారికి ఎవ్వరును చెప్పలేదు.

వారికి మొదట ఎదురైన కష్టము తుషారము. నాడు వాడుకలోనున్న రెడ్ ఫైఫ్ అను గోధుమ మంచి రకమే గాని ఆలస్యముగా పండెడిది. దీనిని తొందరగా పండు మరియొక రకముతో సంకరము చేయవలసి వచ్చినది. ఆ రెండవ రకము పేరు హార్డ్ రెడ్ కలకత్తా. అనగా అది మన భారతదేశపు గోధుమ. కలకత్తా పేర పోయిన ఈ గోధుమ త్వరగా పండు గుణమును సంతానమునకు ఇచ్చెను; రెడ్ ఫైఫ్ మంచి పిండి నిచ్చు గుణమును ఇచ్చెను. ఈ సంకరపు మొక్కలనుండి 1904లో చార్లెస్ సాండర్స్ అను శాస్త్రజ్ఞుడు మార్క్విస్ అను రకమును ఏరి తీసెను. ఆయన మొదట పిండిమర గాని రొట్టెపొయ్యి గాని లేక, గింజలను నోట నమలి వాని జిగురును పరీక్షించెడివాడు. మార్క్విస్ రెడ్ ఫైఫ్ కంటె సుమారు ఒక వారము ముందుగా పండెను. వారమే గదా యని తేలికగా చూడరాదు. ఆ వారములోనే మంచు పడుటయో, పంట ఇల్లు చేరుటయో యున్నది.

రెండవ కష్టము నీటిది. దీనికి దారి ఒక ఆకస్మిక సంఘటన వలన దొరకినది. 1885లో మేటీ జనులు లూయీ రియెల్ నాయకత్వమున ప్రభుత్వముపై తిరుగబడిరి. సైన్యమునకు సరకులు మోయుటకై ఇండియన్ హెడ్ అను ఊరి రైతుల గుఱ్ఱములను, బండ్లను అద్దెకు తీసికొనిరి. అందుచే ఆంగస్ మకే యను రైతు పొలమున కొంత భాగము విత్తక నిలిచిపోయెను. వేసవిలో దానిని దున్ని కలుపు మొలవకుండ ఉంచిరి. మరుసటి యేడు, అనగా 1886లో తీవ్రమైన అనావృష్టి కలిగెను. చుట్టుప్రక్కల పైరులు మాడిపోగా, ముందటియేడు విత్తక విడిచిన చేను మాత్రము చక్కగా పండెను. మకే దీని మర్మమును గ్రహించెను. ఆ యేడు వచ్చిన చట్టము ననుసరించి కెనడాలో ఐదు ప్రయోగక్షేత్రములు వెలసినవి. వానిలో ఇండియన్ హెడ్ నందలి క్షేత్రమునకు ఆయనయే మొదటి అధికారి యయ్యెను.

పంట వేయక నేలకు విరామమిచ్చుటను మన ప్రాంతములలో కొన్నిచోట్ల పడావు పెట్టుట యందురు. ప్రేరీ రైతులు ఒకయేడు పంట, ఒకయేడు పడావుగా సేద్యము సాగించిరి. మొదటి పంట కోసిన నాటినుండి తరువాతి పంట విత్తునాటికి సుమారు ఇరువది నెలలు గడచును. ఈ కాలమున పడిన తేమలో ఐదవ వంతు మాత్రమే నేలలో నిలుచును. తక్కినది ఆవిరియై పోవును. ఐదవ వంతు స్వల్పమే యైనను, అనావృష్టి నాడు ఆ పదనే పైరును బ్రదికించును. ప్రయోజనము మరియొకటియు కలదు. విరామకాలమున నేలలోని జీవపదార్థము కుళ్ళి పైరునకు నత్రజని ఎరువును సమకూర్చును. ఎరువు కొనకయే పంట మెరుగగుట చూచి రైతులు సంతసించిరి. కాని అది వడ్డీ కాదనియు, మూలధనమే కరగుచున్నదనియు వారు గుర్తింపలేదు.

ఆ కాలముననే అమెరికాలో హార్డీ క్యాంబెల్ అను నతడు పొడి సేద్యమును గూర్చి ఒక సిద్ధాంతమును ప్రచారము చేసెను. పైమట్టిని దువ్వి దువ్వి మెత్తని ధూళిగా చేసినచో, అది దుప్పటివలె కప్పి లోపలి తేమను ఆవిరి కానీయదని యాతని వాదము. వినుటకు ఇది యుక్తముగానే యుండెను. రైతులు వాన పడిన ప్రతిసారియు పొలమును దున్ని, దువ్వి, పిండివలె చేసిరి. నల్లగా, నున్నగా, ఒక్క గడ్డిపోచ లేకుండ నుండు పొలమే మంచి రైతునకు గురుతని జనులు మెచ్చుకొనిరి.

1908లో చట్టమును మార్చి త్రికోణములోని అతి పొడి భాగమును గూడ వలసవారికి తెరచిరి. 1915లో వానలు కురిసి పంట విరగబండెను. యుద్ధకాలమగుటచే ధరయు పెరిగెను. రైతులు అప్పులు చేసి మరింత నేలను విరిచిరి. 1917లో వాన ముఖము చాటువేసెను. తరువాతి పది సంవత్సరములలో ఆల్బర్టా ఆగ్నేయ భాగమునుండి వేలకొలది కుటుంబములు కమతములను విడిచిపోయినవి. ఇది హెచ్చరిక. దీనిని దేశము చెవిని పెట్టలేదు.

1929 మొదలు 1937 వరకు అనావృష్టి పలుమారు విరుచుకొని పడెను. 1928లో సస్కచెవాన్‌లో ఎకరమునకు 20 బుషెళ్ళకు మించి గోధుమ పండియుండగా, 1937లో సగటున మూడు బుషెళ్ళు గూడ పండలేదు. ఒక బుషెలు గోధుమ సుమారు 27 కిలోగ్రాములు తూగును. విత్తనము, ఖర్చులు పోగా రైతునకు మిగిలినదేమో మీరే ఊహింపుడు. ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించుటచే, పండిన కొంచెమునకు గూడ ధర లేకుండెను. పెట్రోలు కొనలేక మోటారుకార్ల ముందు గుఱ్ఱములను కట్టి బండ్లవలె లాగించుకొనిరి. ఆ బండ్లకు నాటి ప్రధానమంత్రి బెనెట్ పేరు పెట్టి జనులు ఎగతాళి చేసిరి. తూర్పు రాష్ట్రముల ప్రజలు దయతో రైళ్ళ మీద ఆపిలుపండ్లను, ఉప్పుచేపలను పంపిరి. ఆ రైతులలో పలువురకు ఉప్పుచేపను ఎట్లు వండవలెనో తెలియలేదట.

అన్నింటికంటె భయంకరమైనది గాలి. పగలు దీపము వెలిగింపవలసినంతగా ధూళి ఆకాశమును కప్పెను. తలుపుల సందులలో తడిగుడ్డలు దోపిరి. బల్ల మీద పళ్ళెములను బోర్లించి యుంచిరి. కంచెల పొడవున మట్టి గుట్టలుగా పేరుకొని, కంచెలే కనబడకుండ పోయినవి. 1931, 1941 సంవత్సరముల జనాభా లెక్కల నడుమ సుమారు రెండున్నర లక్షల మంది ప్రేరీలను విడిచిపోయిరి. నాడు బండిపై సామాను వేసికొని ఉత్తరమునకు పోవు కుటుంబమునకు, వెనుక మిగిలినది అమ్ముటకు గూడ పనికిరాని నేల.

ఆ నేల ఏల ఎగిరిపోయెను? మట్టి రేణువులు మూడు విధములుగా కదలును. సన్ననివి గాలిలో కలిసి దూరముగా పోవును. పెద్దవి నేలపై దొర్లును. నడిమి పరిమాణము గలవి ఎగిరి, పడి, మరల ఎగురును. ఇట్లు పడు ప్రతి రేణువును తాను పడినచోట మరికొన్నింటిని లేపును. ఆ విధముగా పొలము ఒక అంచున మొదలైన చలనము రెండవ అంచు చేరునప్పటికి తుపానగును. గడ్డివేళ్ళు గాని, మట్టిగడ్డలు గాని, కోసిన పైరు కొయ్యకాళ్ళు గాని అడ్డుపడినచో ఈ గొలుసు తెగును. కాని ధూళిదుప్పటి సిద్ధాంతమును నమ్మిన రైతులు ఆ అడ్డంకులనన్నింటిని తమ చేతులతోనే తొలగించి యుండిరి. తేమను కాపాడుటకు చేసిన పనియే మట్టిని పోగొట్టెను.

1935లో కెనడా ప్రభుత్వము ప్రేరీ వ్యవసాయ పునరుద్ధరణ సంస్థను నెలకొల్పెను. అయితే మందులలో కొన్నింటిని రైతులే అంతకుముందు కనుగొనియుండిరి. ఆల్బర్టాలో మోనార్క్ అను ఊరిచెంత కూల్ సోదరులను రైతులు సుమారు 1917 నాటినుండి పొలమును సన్నని పట్టీలుగా విభజించి, ఒక పట్టీలో పైరును, ప్రక్కదానిలో పడావును ఉంచిరి. అచ్చట గాలి ఎక్కువగా పడమటినుండి వీచును. కావున పట్టీలను ఉత్తర దక్షిణములుగా, గాలికి అడ్డముగా వేసిరి. ఎగిరిన రేణువు కొంత దూరములోనే పైరులో చిక్కుకొని నిలిచిపోయెడిది.

చార్లెస్ నోబుల్ అను మరియొక రైతు 1930ల నడుమ ఒక పనిముట్టు చేసెను. అది మన మెట్టరైతు వాడు గుంటకకు పెద్దన్న యనవచ్చును. వెడల్పయిన ఇనుప అలుగు నేల పైపొర క్రిందుగా సాగిపోయి కలుపు వేళ్ళను కోయును; మట్టిని తిరుగవేయదు. కొయ్యకాళ్ళు ఉన్నవి ఉన్నట్లే పైన నిలిచియుండును. నున్నని పొలమును మెచ్చుకొను జనులు మొదట ఈ చెత్తపొలమును చూచి నవ్విరి. గాలి వీచిన నాడు ఎవరి మట్టి ఎవరి పొలమున నిలిచినదో చూచి నవ్వు మానిరి.

ప్రభుత్వ సంస్థ ఈ పద్ధతులను ఊరూరను వ్యాపింపజేసెను. కరగిన మంచునీటిని నిలుపుటకు వేలకొలది కుంటలను త్రవ్వించెను. సేద్యమునకు తగని నేలలలో సైబీరియా జాతి గడ్డిని విత్తించి, వానిని ఊరుమ్మడి పచ్చికబయళ్ళుగా మార్చెను. గాలికి అడ్డుగా చెట్లవరుసలు నాటించుట అంతకుముందే, 1901లో ఆరంభమై యుండెను. ఇండియన్ హెడ్ నందలి నారుమళ్ళనుండి 2013 వరకు 60 కోట్లకు పైగా మొక్కలను రైతులకు పంచిరి.

ఇంతటితో కథ సుఖాంతమైనదని మీరు తలంపవచ్చును. వ్యవసాయమున కథలు అట్లు ముగియవు. పట్టీల సేద్యము వలన పైరునకు అంచులు పెరిగినవి. అడవిగడ్డిలో బ్రదుకు ఒక చిన్న కీటకము, గోధుమ కాండమును లోపల తొలుచునది, ఆ అంచులనుండి ప్రవేశించి విపరీతముగా వృద్ధి పొందెను. గాలిని ఆపిన ఉపాయమే పురుగునకు త్రోవ యిచ్చెను. శాస్త్రజ్ఞులు మరల శ్రమించి, కాండము బోలుగా గాక నిండుగా నుండు రెస్క్యూ అను గోధుమను 1946లో విడుదల చేసిరి. కాండము నిండుగా నున్నచో పురుగునకు లోపల తావు చిక్కదు.

అంతకంటె పెద్ద ఆశ్చర్యము మరియొకటి కలదు. మకే నాటినుండి అందరును పొగడిన పడావు పద్ధతియే నేలను లోలోపల తినుచున్నదని క్రమముగా తేలెను. పైరు లేని యేట నేలలో నిలిచిన నీటిలో కొంత లోతునకు దిగి, అడుగుననున్న లవణములను కరగించుకొని, పల్లపు ప్రదేశములలో పైకి ఉబికి వచ్చును. నీరు ఆవిరి కాగా ఉప్పు మిగిలి, నేల చౌడు బారును. ఇక జీవపదార్థము సంగతి యందురా, తరతరములుగా గడ్డివేళ్ళు కూడబెట్టిన నిధిలో గణనీయమైన భాగము ఒక్క నూరేండ్లలో కరగిపోయినది. 1984లో హెర్బర్ట్ స్పారో అను సభ్యుని అధ్యక్షతన కెనడా సెనేటు సంఘమొకటి నేల ప్రమాదములో నున్నదని నివేదిక ప్రకటించి దేశమును మేల్కొల్పెను.

అప్పటినుండి రైతులు మరియొక మార్గమున నడచిరి. నేలను దున్నుటయే మానిరి. పాత పైరు కొయ్యకాళ్ళ నడుమనే, పెద్ద గొర్రువంటి యంత్రముతో సన్నని చాలు చీల్చి, విత్తనమును ఎరువును ఒకేసారి వేయుదురు. నిలిచిన కొయ్యకాళ్ళు శీతకాలమున ఎగిరిపోవు మంచును పట్టి ఆపును. వసంతమున అది కరగి అక్కడనే ఇంకును. వేసవిలో నేలకు నీడపట్టి ఆవిరిని తగ్గించును. ఇట్లు చేయుటచే ప్రతియేటను పంట వేయుటకు తగిన పదను దొరకెను. 1970లలో ప్రేరీలయందు సుమారు కోటి హెక్టార్ల నేల ఏటేట పడావుగా నుండెడిది. 2021 నాటికి అందులో పదవ వంతు గూడ లేదు.

ప్రతియేటను గోధుమయే వేసినచో నేల అలసిపోవును, తెగుళ్ళు పెరుగును. కావున పప్పుజాతి పైరులను మార్చి మార్చి వేయ మొదలిడిరి. 1972లో సస్కచెవాన్ విశ్వవిద్యాలయమునకు వచ్చిన ఆల్ స్లింకార్డ్ అను శాస్త్రజ్ఞుడు మసూరు పప్పు సేద్యమునకు పునాది వేసెను. ఆయన 1978లో విడుదల చేసిన లెయర్డ్ అను రకము అచ్చట ప్రసిద్ధి కెక్కినది. పప్పుమొక్కల వేళ్ళనంటియున్న బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. నేడు మసూరు పప్పును విదేశములకు పంపుటలో కెనడాది అగ్రస్థానము. దానిని, ఎండు బఠాణీలను కొనిన దేశములలో మనది ముఖ్యమైనది. ఒకనాడు కలకత్తా గోధుమ మంచుదేశపు గోధుమకు త్వరపాటు నేర్పినది. ఇప్పుడు ఆ మంచుదేశపు పప్పు మన అంగళ్ళకు వచ్చినది. మీ ఇంట మసూరు పప్పు ఉడుకునప్పుడు అది పాలిసర్ ఎడారి యన్న నేలలో పండినదై యుండవచ్చును.

ఈ కొత్త పద్ధతికిని లోపము లేకపోలేదు. దున్నని పొలమున కలుపును చంపుటకు మందులే ఆధారము. ఆ మందులకు లొంగని కలుపుజాతులు ఇప్పటికే పుట్టినవి. 2021లో మరల తీవ్రమైన అనావృష్టి రాగా కెనడా గోధుమపంట అంతకు ముందటియేటి కంటె మూడవ వంతునకు మించి తగ్గెను. అయినను 1930ల నాటివలె పగలు దీపములు వెలిగింపవలసిన అవసరము కలుగలేదు. పంట పోయినది గాని నేల నిలిచినది. పంట మరుసటియేడు మరల రావచ్చును. కొట్టుకొనిపోయిన మట్టి ఒక మనుష్యుని జీవితకాలములో మరల ఏర్పడదు.

ఇప్పుడు పాలిసర్, మకూన్‌లలో ఎవరి మాట నిజమని అడిగినచో ఏమి చెప్పవలెను? నేల ఇద్దరిలో ఎవరి మాటయు వినలేదు. గడ్డి యున్నంతకాలము అది పచ్చికబయలు. గడ్డిని తొలగించి ధూళి చేసిననాడు ఎడారి. కొయ్యకాళ్ళతో కప్పి కాపాడిననాడు పంటభూమి. వాన యెంత కురియునో మన చేతిలో లేదు. కురిసినదానిని ఎంత నిలుపుకొందుమో మాత్రము చాలవరకు మన చేతిలోనే యున్నది.

వెనుక వరుసలోని ఆ బాలునకు నేనీయవలసిన సమాధానము ఇదియే. నాయనా! మంచు కురియు చోట గూడ ఎడారి యుండును. అది కొంత ఆకాశమునుండి వచ్చును. కొంత మన నాగలి వెనుకనే వచ్చును. మొదటిదానిని ఓర్చుకొనవలెను. రెండవదానిని రాకుండ చూచుకొనవలెను.